నడిస్తేనే బాగైనట్టు

చెరుకు నరికే కాలం వచ్చిందంటే మా పక్క గాలి వాసనే మారిపోయేది. సంక్రాంతికి కొంచెం ముందు మొదలై ఎండలు ముదిరేదాకా, పూతలపట్టు చుట్టుపక్కల ఏ గానుగ కొట్టం కాడికి పోయినా కాగే పాకం వాసన, పొయ్యిలో మండే పిప్పి వాసన, వాటి అడుగున సన్నగా డీజిలు వాసన. చిత్తూరు బెల్లం గురించి చెప్పేవాళ్ళు మొదటి రెండింటినీ తలుచుకుంటారు. నాకు మూడోదే ముందు గుర్తొస్తుంది. నా చిన్నతనం పెనం పక్కన కంటే గానుగను తిప్పే ఇంజను పక్కనే ఎక్కువ గడిచింది.

అవి 1980ల మొదటి రోజులు. మా తాత వయసులో ఉన్నప్పుడు గానుగను ఎద్దులు తిప్పేవట. బావిలో నీళ్ళను కూడా ఎద్దులతో కపిల తోలి పైకి తెచ్చేవాళ్ళట. చుక్క పొద్దున మొదలుపెట్టినా ఎండెక్కేలోగా తడిసేది కయ్యలో ఒక మూల మాత్రమే. నడివయసులో ఆయన ఒక జత ఎద్దులను అమ్మి, పైన అప్పు చేసి ఇంజను కొన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దానికి మనిషికున్నంత మర్యాద. సంక్రాంతికి పసుపు, కుంకుమ. ఆయుధపూజకు గుమ్మడికాయ, నిమ్మకాయలు. దాని మీద కూర్చుంటే మా అవ్వ ఊరుకునేది కాదు.

ఒకటే సిలిండరు, నిలువు ఇంజను. రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్ళు. నిమిషానికి 650 చుట్లు, 6 హార్సుపవరు. సిలిండరు లోపలి వెడల్పు నాలుగున్నర అంగుళాలు, పిస్టను నడక ఐదున్నర అంగుళాలు. బరువు 300 కిలోల పైమాటే. ఈ నమూనా పుట్టిల్లు ఇంగ్లాండులోని డర్స్లీ అనే చిన్న ఊరు. 1867లో లిస్టర్ కుటుంబం అక్కడ పెట్టిన ఫ్యాక్టరీలో 1930 ప్రాంతంలో మొదలై, 1987 దాకా పెద్ద మార్పు లేకుండా తయారవుతూ వచ్చింది. మన దేశంలో రాజ్‌కోట్ కార్ఖానాలు దాన్నే నమూనాగా తీసుకుని పోత పోశాయి. పుణేలో కిర్లోస్కర్ వాళ్ళు డీజిలు ఇంజన్ల కంపెనీ పెట్టింది 1946లో. మా జిల్లా బావుల గట్ల మీదికి అటువీ వచ్చాయి, ఇటువీ వచ్చాయి. ఎవరు చేసినా మా ఊళ్ళో మాత్రం అన్నీ ఆయిలింజన్లే.

ఆ ఇంజను ఇన్ని దేశాల్లో ఇన్ని ఏళ్ళు నిలబడడానికి కారణం దాని బలం ఒక్కటే కాదని పెద్దయ్యాక తెలిసింది. ఫ్యాక్టరీకి వందల మైళ్ళ దూరంలో, కరెంటు లేని చోట, చదువు లేని మనిషి కూడా విప్పి చూసుకునేట్టు దాన్ని చేశారు. పక్కనే చిన్న తలుపు ఉంటుంది. నాలుగు నట్లు విప్పితే క్రాంకు, కనెక్టింగు రాడ్డు, అడుగున ఆయిలు అన్నీ కనబడతాయి. చేతికి అందని చోట ఒక్క బోల్టు కూడా ఉండదు. దాన్ని గీసినవాడు, విప్పబోయేవాడిని కూడా మనసులో పెట్టుకుని గీశాడు.

స్టార్టు చెయ్యాలంటే ఇద్దరు కావాలి. హ్యాండిలు తిప్పేది పెద్దవాళ్ళ పని. సమయం కాని సమయంలో ఇంజను ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. పైనున్న చిన్న లివరును పట్టుకోవడం నా పని. లివరు ఎత్తి పట్టినంతసేపూ వాల్వు తెరుచుకుని ఉంటుంది, లోపల గాలి బిగుసుకోదు, చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి. నాయన హ్యాండిలు తిప్పి, చక్రాలు ఊపందుకున్నాక "వదులు!" అని అరిచేవాడు. నేను లివరు వదిలేవాణ్ణి. ఒక్క క్షణం చక్రాలు బరువెక్కేవి. లోపల ఒక దెబ్బ. ఆ వెంటనే ఇంకొకటి. పొగగొట్టం లోంచి నల్లటి ముద్దలు రెండు మూడు పైకి లేచేవి. తర్వాత మైలు దూరం వినబడే ఆ డుగ్గు డుగ్గు. పదేళ్ళ పిల్లవాడి వేలు తీసేస్తే అంత ఇనుము కదిలేది. ఆ సంతోషం ముందు నాకు ఏ ఆటా ఆనలేదు.

నీళ్ళు తోడేటప్పుడు పంపు నుంచి సన్నటి గొట్టం ఒకటి ఇంజను లోపలికి పోయేది. సిలిండరు చుట్టూ తిరిగి వేడిని లాక్కుని, బయటికి గోరువెచ్చగా వచ్చేది. చలికాలం పొద్దున ఊరి పిల్లలందరి స్నానాలు ఆ ధార కిందే. అక్కడే నిలబడి మేము ఇంజను పాఠాలు నేర్చుకున్నాం. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. నీలిపొగ వస్తే అడుగునున్న ఆయిలు పైకెక్కి కాలుతోంది. తెల్లపొగ వస్తే నాజిలు డీజిలును సరిగ్గా చల్లడం లేదు, లేదంటే లోపలికి నీళ్ళు దిగుతున్నాయి. బళ్ళో అయ్యవారు చెప్పిన ఎక్కాల కంటే ఇవే నాకు ముందు నోటికొచ్చాయి.

ఒక ఏడు మాఘమాసంలో, గానుగ మంచి ఊపు మీద ఉండగా, పొగ నీలమైంది. నాయన రెండు రోజులు చూసీ చూడనట్టు నెట్టుకొచ్చాడు. మూడో రోజు పొద్దు గూకే వేళకు చెరుకు పెట్టగానే ఇంజను మూలిగి ఆగిపోయింది. కొట్టం ముందు నరికిన చెరుకు బండెడు. తొట్టిలో అప్పటికే తీసిన రసం. చెరుకు రసం రాత్రంతా ఉంటే పులుస్తుంది. పులిసిన రసంతో వండిన పాకం ఎంత కాచినా అచ్చు కట్టదు. అంటే ఆ రాత్రి ఇంజను బాగుకాకపోతే ఏడాది కష్టంలో కొంత మట్టిపాలే.

చిన్నాయన సైకిలు మీద పోయి చిత్తూరు నుంచి ఇంజన్ల మేస్త్రిని పిలుచుకొచ్చాడు. ఆయన తన జావా బండి మీద, వెనక గోనెసంచిలో సామాన్లు కట్టుకుని వచ్చాడు. దిగీ దిగగానే ఇంజను వైపు చూడలేదు. నాయనతో మాట్లాడాడు.

"ఎప్పట్నుంచి అన్నా ఇట్లా?"

"మొన్నట్నుంచే రొంత పొగ ఉండింది మేస్త్రీ. ఈ పొద్దు బరువు లాగలా."

"పొద్దున స్టార్టు చేసేటప్పుడు హ్యాండిలు సులువుగా తిరగతా ఉందా?"

"అవును, ఉత్త చక్రం తిప్పినట్టే ఉండాది."

"అయితే రింగులు. పైన విప్పాల. పొద్దు పొడిచేదాకా పడతాది. లాంతర్లు ఎన్నుండాయో అన్నీ తెప్పించు."

నేను ఆ రాత్రి లాంతరు పట్టుకున్నాను. మేస్త్రి విప్పిన ప్రతి నట్టునూ ఒక గోనె మీద, విప్పిన వరసలోనే పేర్చమన్నాడు. హెడ్డు ఎత్తారు. పక్క తలుపులోంచి చెయ్యి పెట్టి కనెక్టింగు రాడ్డు కింది బోల్టులు విప్పాడు. ఇద్దరు పట్టుకుని పిస్టనును పైకి లాగారు. రింగులు మసితో గాడిలోనే అతుక్కుపోయి ఉన్నాయి. పోత ఇనుము రింగు విచిత్రమైన వస్తువు. నూనెలో, నిప్పులో ఏళ్ళ తరబడి పనిచేస్తుంది కానీ, వెడల్పు చేసేటప్పుడు చెయ్యి ఒక్క నూలు ఎక్కువ కదిలితే పుటుక్కుమంటుంది. కొత్త రింగును ముందు ఒట్టి సిలిండరులో దించి, దాని రెండు కొసల మధ్య సందును సన్నటి రేకుతో కొలిచి, ఆకురాయితో ఒక్కొక్క గీటు తీసి, మళ్ళీ దించి చూశాడు. అంత తొందరలోనూ ఆ పని మాత్రం ఆయన తొందరగా చెయ్యలేదు. సందు తక్కువైతే వేడికి రింగు సాగి, కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని సిలిండరును గీరేస్తాయని నాకు చెప్పాడు.

వాల్వులు కూడా చూశాడు. నల్లటి పేస్టు పూసి, కర్రకు బిగించి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాని మీద కిరసనాయిలు పోసి నిలిపాడు. అడుగున ఒక్క చుక్క కూడా కారలేదు. అప్పుడు బిగించడం మొదలుపెట్టాడు. డీజిలు గొట్టంలో పట్టిన గాలిని తీసేశాక, హ్యాండిలు మెల్లగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. నాజిలు సరిగ్గా చల్లితే కీచుమని సన్నటి చప్పుడు వస్తుంది. "విన్యావా అబ్బోడా? అదే దాని మాట" అన్నాడు.

తూరుపు తెల్లబడుతుండగా నేను లివరు వదిలాను. ఇంజను అందుకుంది. నాయన ముఖం విప్పారింది. దుడ్లు తీసి మేస్త్రి చేతికి ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు.

"ఉత్తగా తిరిగితే బాగైనట్టు కాదన్నా. బెల్టు ఎక్కించు. చెరుకు పెట్టు."

బెల్టు ఎక్కించారు. చెరుకు పెట్టారు. ఇంజను ఒకసారి గొంతు దించి, వేగాన్ని అదుపుచేసే గవర్నరు కదిలి, మళ్ళీ తన చప్పుడుకు వచ్చింది. మేస్త్రి పొగగొట్టం వైపే చూస్తూ ఒక పెనం రసం నిండేదాకా కూర్చున్నాడు. పొగ తేటపడ్డాకే దుడ్లు తీసుకున్నాడు. బాగుచెయ్యడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ పొద్దుటే. ఆ తర్వాత చదివిన పుస్తకాలేవీ ఆ నిర్వచనాన్ని మార్చలేదు.

అప్పట్నుంచి సెలవులొస్తే నేను ఆయన షెడ్డులోనే. గ్రీమ్స్‌పేట దాటాక రోడ్డు పక్కన రేకుల కొట్టం. ముందు వేపచెట్టు. నేల మీద ఇంకిన ఆయిలుతో మట్టి నల్లటి చాపగా మారి ఉండేది. చిత్తూరు ఉన్న చోటు వల్ల ఆ షెడ్డుకు ఒక ప్రత్యేకత వచ్చింది. తూర్పున మద్రాసు. అక్కడ 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు తయారవుతున్నాయి. పడమర మైసూరు. అక్కడ 1961 నుంచి ఐడియల్ జావా ఫ్యాక్టరీ నడిచింది, 1996లో మూతపడేదాకా. రెండు ఊళ్ళ బండ్లూ మా దగ్గర కలిసేవి. వీటికి తోడు పల్లెలకు జనాన్ని మోసే జీపులు. బావుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చే ఆయిలింజన్లు.

వాటిని పక్కపక్కన పెట్టి విప్పితే మొదటి చిక్కు మరల దగ్గరే. ఆయిలింజనుకూ బుల్లెట్టుకూ ఇంగ్లాండు మరలు. జీపుకు అమెరికా మరలు. జావా చెకొస్లోవేకియా నమూనా కాబట్టి దానికి మిల్లీమీటర్ల మరలు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మొట్టమొదటగా మరలకు ఒక పద్ధతి ఏర్పరిచాడు. ఆ లెక్కలో అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. అమెరికా ముతక మరలో అదే అర అంగుళానికి 13 చుట్లు, కోణం 60 డిగ్రీలు. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని నట్టు ఇంకొకదానికి ఒకటి రెండు చుట్లు నునుపుగా ఎక్కుతుంది కూడా. అక్కడ పట్టేస్తుంది. ఎక్కింది కదా అని బలం పెట్టి తిప్పితే రెండూ పాడు. ఒక్క చుట్టు తేడా మంచి సిలిండరు బ్లాకును తుక్కు చేసిన రోజులు ఆ షెడ్డులో చూశాను. అందుకే మేస్త్రి మూడు చెక్కపెట్టెలు పెట్టాడు. ఏ పెట్టెలో పడాల్సిన బోల్టు ఆ పెట్టెలోనే పడాలి. పొద్దు గూకాక వాటిని ఏరి సర్దడం నాకు అప్పజెప్పిన పని. వేలితో తడిమి ఏ దేశం మరో చెప్పగలిగే స్థితికి వచ్చినప్పుడు మేస్త్రి నా చేతికి మొదటిసారి పానా ఇచ్చాడు.

ఈ పనిలో విసుగు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. పాత బండిని విప్పేవాడికి దినదినమూ ఎదురయ్యేది తుప్పు. తుప్పుపట్టిన బోల్టు తిరిగితే అదృష్టం, తెగితే ఆ రోజు అక్కడికే సరి. తెగిన ముక్క మధ్యలో గుర్తు పెట్టి, డ్రిల్లుతో తొలిచి, మళ్ళీ మర కోసి... పది నిమిషాల పని కాస్తా రెండు పూటలు తినేస్తుంది. రెండో విసుగు సామాను దొరకకపోవడం. మూడోది అన్నిటికంటే చేదు. దొరికిందనుకున్న సామాను సరిపోకపోవడం.

సామాన్ల కోసం మేస్త్రి మద్రాసు పోయేవాడు. సెలవుల్లో నన్నూ తోడు తీసుకుపోయేవాడు. చిత్తూరులో మీటర్ గేజి రైలెక్కితే కాట్పాడిలో దిగి, పెద్ద లైను మీద మద్రాసు బండి పట్టుకోవాలి. తిరుపతి, పాకాల, చిత్తూరు, కాట్పాడి ఊళ్ళను కలిపే ఆ చిన్న లైను 1890ల మొదట్లో వేసింది. మద్రాసులో మేము పోయేది పుదుపేట. వీధి పొడుగునా పాత బండ్ల అవయవాలు. కప్పు నుంచి వేలాడే బంపర్లు, గుట్టలుగా గేరుబాక్సులు, గోడ నిండా సైలెన్సర్లు. మేస్త్రి ఎప్పుడూ బండి పేరు చెప్పి సామాను అడిగేవాడు కాదు. అరిగిపోయిన ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చుకుని, దాన్ని కౌంటరు మీద పెట్టి, వెర్నియర్ తీసి పక్కన పెట్టేవాడు. ఆయన అరవంలో బేరమాడుతుంటే నేను కొలతలు చూసేవాణ్ణి. అయినా ఒకసారి ఒక అంగడిలో, కడిగి మెరుగుపెట్టిన పాత బేరింగును కొత్తదని అంటగట్టారు. ఇంటికొచ్చి బిగించాక గానీ బయటపడలేదు. ఆయన కోపంతో ఒక్క మాట కూడా అనలేదు. మళ్ళీ విప్పాడు. అదే నాకు ఆశ్చర్యం. విప్పినదాన్నే మళ్ళీ మళ్ళీ విప్పగలిగే ఓపిక ఉన్నవాడే ఈ పనికి పనికొస్తాడు.

ఒక జీపు కథ చెప్పాలి. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత పెట్రోలు జీపు అది. ఇంజనులో ఉడతలు కాపురం పెట్టాయి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఆ రోజుల్లో చాలామంది జీపులకు డీజిలు ఇంజన్లు మార్పించుకునేవాళ్ళు. దీని యజమానిది మాత్రం ఒకటే పట్టు, వాళ్ళ నాయన నడిపిన ఇంజనే ఉండాలని. ఆ పట్టు మేస్త్రికి నచ్చింది. ఆ జీపు షెడ్డులోకి వచ్చిన వేసవికీ బయటికి పోయిన వేసవికీ మధ్య నేను ఒక క్లాసు పైకి పోయాను. గేరుబాక్సులో ఒక పళ్ళచక్రం కోసం నెలల తరబడి ఎదురుచూశాం. రేడియేటరు పాయలను ఒక్కొక్కటిగా పొడిచి శుభ్రం చేశాం. స్టీరింగులో ఆట పోగొట్టడానికి ఇత్తడి బుష్షులు లేత్ పట్టించాం. యజమాని వచ్చి, "మేస్త్రీ, రంగు ఎప్పుడు వేస్తావప్పా?" అని అడిగితే, "రంగుదేముంది సామీ, అది ఆఖరి పూట పని" అనేవాడు.

రంగు వెయ్యకముందే దాన్ని తిరుమలకు తీసుకుపోయాడు. అప్పట్లో మా జిల్లాలో బండికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు. మొదటి ఘాటు రోడ్డు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షణతో తయారై, 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ చేతుల మీదుగా తెరుచుకుంది. 1974లో రెండో దారి వచ్చాక ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి అయ్యాయి. ఎక్కేటప్పుడు రేడియేటరు, క్లచ్చి, గేర్లు తేలతాయి. దిగేటప్పుడు బ్రేకులు తేలతాయి. మైదానంలో ఎన్ని లోపాలు దాచుకున్నా కొండ మీద ఒక్కటీ దాగదు. తిరుపతిలో కొండకు తిరిగే అంబాసిడర్ టాక్సీల డ్రైవర్లు పాత బండి కొనేటప్పుడు కొండెక్కించి చూసేవాళ్ళు. ఆ పరీక్షలో నెగ్గిన బండికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

అలిపిరి దాటినప్పటి నుంచి మేస్త్రి మాట్లాడలేదు. ఆయన చూపు రోడ్డు మీద, చెవి బానెట్టు మీద. నా పని వేడి ముల్లును చూడడం. మలుపు మలుపుకూ అది కొంచెం ఎక్కి, నిలిచి, మళ్ళీ కొంచెం ఎక్కింది. పక్కనుంచి బస్సుల్లో జనం గోవిందలు. చెట్ల నీడ, లోయలోంచి చల్లటి గాలి. ముల్లు ఎర్రగీత దాటకుండానే పైకి చేరాం. దర్శనం చేసుకుని, దిగేటప్పుడు మొత్తం రెండో గేరులోనే దించాడు. "ఎక్కిన గేరులోనే దిగాల. బ్రేకును నమ్ముకుంటే కాగిపోతాది" అన్నాడు. కింద కపిలతీర్థం దగ్గర ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ముల మీదా చెయ్యి పెట్టి చూశాడు. అన్నీ ఒకే వేడి. ఒకటి ఎక్కువ కాగలేదు, ఒకటి తక్కువ కాగలేదు. అంటే నాలుగూ సమానంగా పట్టాయి. ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి. మర్నాడు రంగు డబ్బాలు తెరిచాడు.

ఆ తర్వాత మా పక్క చాలా మారింది. ముందు బావులు ఎండాయి. వాననీటితో నిండే దిగుడు బావి పదిహేను గజాల లోతుకు పోయినా చాలని రోజులొచ్చాయి. బోర్లు పడ్డాయి. ఆయిలింజను గట్టు మీద కూర్చుని పీల్చగలిగింది ఇరవై అయిదడుగుల లోతు నుంచే. వాడకంలో గాలి ఒత్తిడి నీటిని అంతకంటే పైకి నెట్టలేదు. వందల అడుగుల లోతుకు దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు రాక తప్పలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక డీజిలు కొని పంపు నడిపే లెక్క ఎవరికీ కుదరలేదు. గానుగలకూ మోటార్లు వచ్చాయి. ఇంజన్లు ఎండిన బావుల పక్కనే తుమ్మచెట్ల మధ్య ఉండిపోయాయి. ఇనుము ధర పెరిగినప్పుడల్లా లారీలొచ్చి వాటిని ఎత్తుకుపోయాయి. పాకాల జంక్షనులో నీళ్ళు పట్టుకుంటూ ఆయాసపడే మీటర్ గేజి ఆవిరి ఇంజన్లు కూడా పోయాయి. ఆ దారి బ్రాడ్ గేజి అయింది. బతుకు సులువైతే ఎవరూ బాధపడరు, నేనూ పడను. హ్యాండిలు తిప్పి తిప్పి భుజం అరిగిన నాయనకు ఒక్క మీట నొక్కితే నీళ్ళు రావడం గొప్ప సుఖం. పోయింది ఆ యంత్రాలతో పాటు వాటిని అర్థం చేసుకునే చెయ్యి. నా బాధ దాని గురించే.

ఆ చెయ్యి ఏమి చెయ్యగలదో చూపించే పెద్ద ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి రైలింజను 1855లో ఇంగ్లాండులోని లీడ్స్‌లో తయారై మన దేశానికి వచ్చింది. పని ముగిశాక దశాబ్దాల పాటు చూపుడు వస్తువుగానే నిలబడింది. 1997లో మద్రాసు పెరంబూరు లోకో వర్క్స్ పనివాళ్ళు దాన్ని మళ్ళీ ఆవిరితో నడిచేట్టు చేశారు. ఆ ఏడే అది ఢిల్లీ, అల్వార్ మధ్య యాత్రికులను మోసింది. 140 ఏళ్ళు దాటిన ఇంజను. దాన్ని తుడిచి, రంగు వేసి, గొలుసు కట్టి నిలబెట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. పెరంబూరు వాళ్ళు దానికి బండి తగిలించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా మేస్త్రి మాటే వినబడింది. చెరుకు పెట్టు.

నాయన పోయాక, తాత కొన్న ఇంజనును ఇనుము లారీకి ఎక్కించకుండా నేను తీసుకున్నాను. చాలా ఏళ్ళు బావి గట్టు మీద ఎండా వానా తిన్నది. పొగగొట్టం మీది మూత ఎప్పుడో ఎగిరిపోయింది. తెరిచి ఉన్న వాల్వు గుండా వాననీళ్ళు సిలిండరులోకి దిగాయి. పిస్టను గోడకు అతుక్కుపోయింది. కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి నానబెట్టాను. పైన కొయ్య దిమ్మ పెట్టి సుత్తితో మెత్తగా కొడుతూ, మళ్ళీ నానబెడుతూ, ఒక్కొక్క వెంట్రుక వాసి కదిపాను. ఫ్లైవీలును పట్టి ఉంచే చీల దగ్గర నా ఓపిక మొత్తం పరీక్షకొచ్చింది. ఇరుసుకూ చక్రానికీ మధ్య బిగించిన ఆ ఇనుప మేకు, ఏళ్ళ తుప్పుతో రెండింటిలోనూ కలిసిపోయింది. వేడి చేసి, చల్లార్చి, నూనె పట్టించి, చీలమేకులు దిగేసి... చేతులు బొబ్బలెక్కాయి. అది వచ్చిన సాయంత్రం ఇంట్లో అందరికీ పండుగే.

సిలిండరుకు కొత్త స్లీవు వేయించాను. డీజిలు పంపు లోపల చిన్న కడ్డీ, అది పైకీ కిందికీ ఆడే గొట్టం ఉంటాయి. రెండింటినీ కలిపి ఒకే జతగా నూరి సరిచేస్తారు. వాటి మధ్య సందు కంటికి కనబడనంత సన్నం. అందుకే ఒకటి పాడైతే ఇంకొక దాని కడ్డీ తెచ్చి పెట్టలేం. జత మొత్తం కావాలి. ఆ జత కోసం పుదుపేట మళ్ళీ తిరిగాను. చివరికి కోయంబత్తూరులో ఒక పాత పంపుల అంగడిలో కాగితం కూడా విప్పనిది దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పటి సంతోషం ఈ పని చేసినవాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. ఎప్పుడో, ఎక్కడో, పేరు తెలియని పనివాడు నూనెలో ముంచి, కాగితంలో చుట్టి పెట్టిన చిన్న ముక్క ఇన్నేళ్ళకు నా కోసం కాచుకుని ఉంది.

పాత యంత్రం ముందు కూర్చున్నప్పుడు మనం ఒంటరిగా ఉండం. గీసినవాడు ఉంటాడు. పోత పోసినవాడు ఉంటాడు. మనకు ముందు విప్పినవాడు తన గుర్తులు వదిలి ఉంటాడు. మా ఇంజను పక్క తలుపు లోపల, ఉలితో వేసిన రెండు చిన్న గాట్లు కనబడ్డాయి. కనెక్టింగు రాడ్డు టోపీ ఏ వైపు పెట్టాలో తెలిపే గుర్తులు. అవి మేస్త్రి వేసినవే. ఆ లాంతరు రాత్రి ఆయన వాటిని వేస్తుంటే నేను చూశాను. తన తర్వాత విప్పబోయేవాడి కోసం వేశాడు. అది నేనే అవుతానని ఆయనకు తెలియదు.

ఆ ఇంజను ఇప్పుడు నడుస్తుంది. ఏటా చెరుకు కాలంలో ఒక రోజు ఊళ్ళో పాత ఇనుప గానుగకు బెల్టు ఎక్కిస్తాం. ఒక పెనం రసం తీస్తుంది, ఒక పెనం బెల్లం వండుతాం. ఐటీఐ చదివే మా ఊరి కుర్రాళ్ళు వస్తారు. కంప్యూటరుతో నడిచే ఇంజన్ల గురించి చదివే పిల్లలు తలుపు తెరిచి క్రాంకు తిరగడం కళ్ళారా చూసి, పొగ రంగును బట్టి రోగం చెప్పడం నేర్చుకుంటారు. లివరు వదిలే పని ఊళ్ళో చిన్నపిల్లలకే ఇస్తాం.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇంకా కొన్ని ఇంజన్లు బావుల పక్కన మిగిలి ఉన్నాయి. కొన్ని జీపులు చెట్ల కింద ఉన్నాయి. కొన్ని జావాలు, బుల్లెట్లు పడసాలల్లో గోనెలు కప్పుకుని ఉన్నాయి. వాటి సొంతదారులతో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. కిలోల లెక్కన అమ్మే ముందు పొగగొట్టానికి ఒక మూత పెట్టండి, సిలిండరులో కాస్త నూనె పొయ్యండి, చక్రాన్ని ఒక్కసారి కదిపి చూడండి. బాగుచేయించుకునే స్తోమత మీకు లేకపోతే, చేసుకునే ఆసక్తి ఉన్నవాడి చేతికి ఇవ్వండి. బాగుచేసేవాళ్ళతో కూడా ఒక మాట. రంగు వేసి వాకిట్లో నిలబెట్టి ఫోటోలు దిగితే పని సగమే అయినట్టు. జీపును కొండెక్కించండి. ఇంజనుకు బెల్టు తగిలించండి. బరువు మోసినప్పుడే అది ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ బలహీనంగా ఉందో మీకు చెబుతుంది. దాన్ని చూడవచ్చిన పిల్లలు కూడా అప్పుడే ఏదైనా నేర్చుకుంటారు. ఇనుము ఇంకొక వందేళ్ళు ఉంటుంది. దాన్ని నడపడం తెలిసినవాళ్ళు ఉండాలంటే మాత్రం, ఇప్పుడు తెలిసినవాళ్ళు పక్కన ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవాలి.